చీరల వీడియోలు ఫోన్‌తో తియ్యాలి, 8 వేలల్లో ఏమేం కొనాలి? బెంగళూరులో ఉన్నవాళ్ళు చెప్పండి

నేతచీర_కుందలహళ్ళి

అందరికీ నమస్కారం అండి. మాది వెంకటగిరి పక్కన, పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చేశాం, కుందలహళ్ళిలో ఉంటాం. ఇంట్లోంచే చీరలు అమ్ముతున్నాను, ఎక్కువగా వెంకటగిరి, మంగళగిరి, పండగలప్పుడు గద్వాల, ఉప్పాడ కూడా తెప్పిస్తాను. ఇన్నాళ్ళూ వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పెడితే సరిపోయేది, ఇప్పుడేమో అందరూ వీడియో పెట్టండి, పల్లూ విప్పి చూపించండి, కుచ్చిళ్ళు పోసి చూపించండి అంటున్నారు, అడగడంలో తప్పేం లేదులెండి, మడతలో చూస్తే చీర ఏం తెలుస్తుంది.

తీస్తున్నాను కానీ రంగు దగ్గరే దెబ్బ పడుతోంది. నెమలికంఠం చీర తీస్తే ఉత్త నీలం వస్తోంది. రాణీ రంగు అయితే మరీ ఘోరం, గులాబీ ముద్దలా అయిపోయి మీద బుటాలు కూడా కనపడట్లేదు. మొన్న ఒకావిడ కనకాంబరం రంగు కావాలంటే వీడియో పంపాను, అందులో ఇటికరాయి రంగులా ఉందని వద్దనేశారు, చీర ఏమో అచ్చం కనకాంబరమే. ఇంకొకరికి ఇలాగే చేతికెళ్ళిన చీర వెనక్కొచ్చింది. కొరియర్ డబ్బులు పోవడం ఒక ఎత్తు, నేసినవాళ్ళు అంత జాగ్రత్తగా అద్దిన రంగు నా వీడియోలోకి వచ్చేసరికి ఇంకోటి అయిపోతుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

ఫోన్ 20 వేల రేంజ్ ఆండ్రాయిడ్, 128 జీబీ. చీరలున్న చిన్న గదికి ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంది, హాల్లో తూర్పు బాల్కనీ. కిందే రోడ్డు, వాటర్ ట్యాంకర్లు, హారన్లు అన్నీ వినపడతాయి. మా తమ్ముడు గింబల్ (చెయ్యి ఊగినా ఫోన్ ఊగకుండా పట్టే స్టాండు) తీసుకో అంటాడు, మా ఆయన ఫోనే మార్చేద్దాం అంటున్నారు, చీరలమ్మే ఇంకో అక్క రింగ్ లైట్ చాలు అంది. నా దగ్గర 8 వేలున్నాయి, ఏది ముందు కొనాలి, ఏది అక్కర్లేదు, కొంచెం చెప్పరా. పిల్లలు స్కూలుకెళ్ళాక పదకొండు నుంచి రెండు దాకే నాకు టైమ్, ఒక్కదాన్నే తీసుకోవాలి, ఫోన్ పట్టుకునేవాళ్ళు ఎవరూ ఉండరు.

కమ్మనహళ్ళి_కెమెరా

మేడమ్, ఫోన్ మార్చొద్దు, గింబల్ అసలే వద్దు. గింబల్ నడుస్తూ తీసేవాళ్ళకి, మీరు ఒకచోట నిలబడి చీర చూపిస్తారు, మీకు కావల్సింది గట్టి స్టాండు. నేను పెళ్ళి వీడియోలు తీస్తాను, ఆల్బమ్ చూశాక నా చీర రంగు ఇది కాదు అనే మాట మాకు మామూలే, అందుకే రంగు సంగతి కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మీకు డబ్బు పెట్టాల్సింది లైటు మీద. ఇంట్లో ఎల్‌ఈడీ బల్బు చూడ్డానికి తెల్లగానే ఉంటుంది కానీ ఆ తెలుపులో అన్ని రంగుల వెలుగూ సరిసమానంగా ఉండదు, లేని రంగుని ఏ కెమెరా కూడా చూపించలేదు. లైటు కింద రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పడానికి సీఆర్ఐ అని 100కి ఒక లెక్క ఉంది, ఇంటి బల్బులు చాలావరకు 80 దగ్గర ఉంటాయి, వీడియో కోసం చేసే లైట్లు 95 పైన ఉంటాయి, డబ్బా మీదే రాసుంటుంది. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ నంబరు 8 శాంపిల్ రంగుల సగటు, అవన్నీ కాస్త లేత రంగులే, ముదురు ఎరుపు ఆ లెక్కలోకే రాదు, దానికి ఆర్9 అని విడిగా చెప్తారు. సీఆర్ఐ బాగున్న లైటు కింద కూడా కుంకుమ రంగు, మిరపపండు రంగు ఒక్కోసారి చచ్చిపోయినట్టు కనపడేది అందుకే. మీరు షాపుకెళ్ళేటప్పుడు ఒక ఎర్ర జాకెట్ గుడ్డ, ఒక రాణీ రంగు గుడ్డ బ్యాగులో వేసుకెళ్ళండి, లైటు వేయించి దాని కింద పెట్టి చూడండి, వెంటనే బయటికి తెచ్చి పగటి వెలుగులో చూడండి. తేడా కొట్టొచ్చినట్టు కనపడితే ఆ లైటు వదిలేయండి, డబ్బా మీద ఎంత రాసుంటే ఏంటి.

అయితే లైటు కొనే ముందే మీ దగ్గర దాన్ని మించింది ఉంది, ఉత్తరం కిటికీ. అందులోంచి ఎండ నేరుగా పడదు, ఆకాశం వెలుగు మెత్తగా వస్తుంది, మీ టైమ్ కూడా దానికి సరిగ్గా కుదిరింది. బెంగళూరులో ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మధ్య దాకా మాత్రం మధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికి ఒరిగి ఉంటాడు, అప్పుడు కిటికీ దగ్గర ఎండ చార పడిందంటే ఒక తెల్ల పంచె అడ్డం కట్టేయండి, చాలు. చీర కిటికీకి పక్కవాటుగా ఉండాలి, మీరు కిటికీకి వీపు పెట్టి నిలబడొద్దు. అవతలి వైపు నీడ నల్లగా వస్తుంటే అక్కడ తెల్ల థర్మకోల్ షీటు ఒకటి నిలబెట్టండి, స్టేషనరీ షాపులో దొరుకుతుంది. కిటికీ వెలుగులో తీస్తున్నంతసేపూ గదిలో ట్యూబ్‌లైటు, బల్బులు అన్నీ ఆపేయండి. రెండు రకాల వెలుగు కలిసిందంటే ఒకే చీర సగం నీలంగా సగం పసుపుగా వస్తుంది, దాన్ని ఎడిటింగ్‌లో సరిచేయడం మా వల్లే కాదు.

ఇప్పుడు ఫోన్ సంగతి. ఫోన్ తనంతట తను రంగు మార్చుకుంటూ ఉంటుంది, దాన్నే ఆటో వైట్ బ్యాలెన్స్ అంటారు. ఫ్రేమ్ నిండా కనకాంబరం చీర పరిచారనుకోండి, గదిలో వెలుగే ఎర్రగా ఉందేమో అనుకుని ఫోన్ దానికి విరుగుడుగా నీలం కలిపేస్తుంది, మీ చీర ఇటికరాయి రంగులోకి పోయింది చాలావరకు అక్కడే. పక్కన పచ్చ చీర పెట్టగానే మళ్ళీ మారుస్తుంది. అందుకని కెమెరాలో ప్రో వీడియో మోడ్ ఉంటే అందులో, లేకపోతే ఓపెన్ కెమెరా అనే ఫ్రీ యాప్ ఉంది అందులో, వైట్ బ్యాలెన్స్ మాన్యువల్‌లో పెట్టండి. ఫోటోగ్రఫీ సామాన్ల షాపులో గ్రే కార్డు అని బూడిద రంగు అట్ట అమ్ముతారు, పెద్ద ఖరీదేం కాదు, దాన్ని చీర ఉన్నచోటే పెట్టి, స్క్రీన్ మీద ఆ అట్ట నీలంగానూ పసుపుగానూ కాకుండా సాదా బూడిద రంగులో కనపడేదాకా కెల్విన్ నంబరు (వైట్ బ్యాలెన్స్‌ని కొలిచే అంకె) జరపండి, అక్కడ ఆపేసి ఆ రోజు చీరలన్నీ దానితోనే తియ్యండి. తెల్ల జిరాక్స్ పేపర్ వాడమని కొందరు చెప్తారు, వద్దు, ఆ పేపర్లలో తెల్లగా మెరవడానికి కలిపే పదార్థం వల్ల పగటి వెలుగులో నీలం ఛాయ వస్తుంది.

రాణీ రంగు ముద్దగా రావడం ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తీసుకునే వెలుగు, ఎక్కువై. అలాంటి ముదురు రంగులో ఎరుపు ముందే నిండిపోతుంది, నిండాక ఇంక వివరం ఉండదు. చీర మీద వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి, పక్కనే వచ్చే సూర్యుడి గుర్తుని కిందకి జరుపుతూ బుటాలు విడివిడిగా కనపడేచోట ఆపండి. వీడియో హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపించే మోడ్) ఆన్‌లో ఉంటే ఆపేయండి, మీ ఫోన్లో మెరిసిపోతుంది, అవతలివాళ్ళ ఫోన్లో వెలిసిపోయినట్టు వస్తుంది.

బీటీఎమ్_లెక్కలసార్

లైటు గురించి అన్న చెప్పింది నిజమే, నేను సౌండ్ గురించి చెప్తానండి. పదో తరగతి లెక్కలు తెలుగులో వీడియోలు చేస్తాను, పిల్లలు బొమ్మ కొంచెం మసగ్గా ఉన్నా సర్దుకుంటారు కానీ మాట సరిగ్గా వినపడకపోతే ఒక్క నిమిషం కూడా ఉండరు, మీ కస్టమర్లు కూడా అంతే, దారం కౌంట్ ఎంత, పల్లూ పొడవెంత, జాకెట్ ముక్క ఉందా లేదా అన్నీ మీ నోటి నుంచే వినాలి కదా.

వైరు ఉన్న కాలర్ మైక్ ఒకటి తీసుకోండి, బోయా బీవై-ఎం1 చాలామంది వాడేది, వెయ్యి అటూ ఇటూగా ఉంటుంది, వైరు 6 మీటర్లు ఉంటుంది కాబట్టి స్టాండు నుంచి దూరంగా జరిగినా ఇబ్బంది లేదు. దాని డబ్బీ మీద చిన్న స్విచ్ ఉంటుంది, ఒకవైపు స్మార్ట్‌ఫోన్, ఒకవైపు కెమెరా, ఫోన్ వైపే ఉందో లేదో చూసుకోండి. కొనేముందు మీ ఫోన్‌కి పాత గుండ్రటి హెడ్‌ఫోన్ రంధ్రం ఉందా లేక టైప్-సీ ఒక్కటే ఉందా చూడండి, టైప్-సీ అయితే కన్వర్టర్ కావాలి, ఆ కన్వర్టర్ మైక్‌ని కూడా పలికిస్తుందో లేదో షాపులోనే రికార్డ్ చేసి వినండి, కొన్ని పాటలు వినడానికే పనికొస్తాయి. ఇంకోటి, మైక్ పిన్ను మీద నల్లటి గీతలు లెక్కపెట్టండి, మూడుంటే ఫోన్లది, రెండుంటే పెద్ద కెమెరాలది. వైర్‌లెస్ మైకులు బాగానే ఉంటాయి కానీ చవకవి చాలావరకు వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్‌లోనే నడుస్తాయి, అపార్ట్‌మెంట్‌లో ఇంటికో రౌటర్, మధ్యలో మాట తెగొచ్చు. మీరు ఉన్నచోటే ఉంటారు, వైరు చాలు.

మైక్ ఎక్కడ పెట్టుకోవాలో అదీ ముఖ్యం. గడ్డానికి జానెడు కింద. చాలామంది ఆడవాళ్ళు పైట భుజం దగ్గర పిన్ను పక్కన పెట్టుకుంటారు, పట్టు కదిలినప్పుడల్లా గరగర వచ్చేస్తుంది, మా ఆవిడ వంటల వీడియోకి అలాగే వచ్చింది. జాకెట్ మెడ అంచుకి క్లిప్ పెట్టి, వైరుని ఒక చుట్టు చుట్టి లోపల టేపుతో అంటించండి, లాగినా ఆ ఊపు మైక్ దాకా రాదు. గాజులు రెండు మూడే ఉంచుకోండి, చీర దులిపేటప్పుడు గాజుల చప్పుడు మాటని మింగేస్తుంది. మైక్ నోటికి దగ్గరుంటే కింద ట్యాంకర్ మోత దానంతటదే వెనక్కి పోతుంది, దూరం రెండింతలైతే మాట బలం నాలుగో వంతుకి పడిపోతుంది, అదే రోడ్డు మోత మాత్రం ఎక్కడ పెట్టినా దాదాపు అంతే ఉంటుంది, అందుకే ఫోన్‌లో ఉన్న మైక్‌తో ఎంత అరిచినా లాభం లేదు. ఫ్యాన్ ఆపాలి, తప్పదు. ఎకో గురించి మీరు బెంగపడక్కర్లేదు, చీరలు పేర్చిన గది కదా, గుడ్డ అంతా శబ్దాన్ని పీల్చేస్తుంది, స్టూడియోవాళ్ళు గోడలకి డబ్బు పెట్టి చేయించుకునేది మీకు అల్మరాల్లో ఉంది.

స్టాండ్ విషయానికొస్తే 5 అడుగులది, కాళ్ళు వెడల్పుగా పరుచుకునేది తీసుకోండి. పైన స్క్రూ పావు అంగుళం సైజుదే ఉండాలి, దాదాపు అన్ని హోల్డర్లూ లైట్లూ అదే స్క్రూ మీద కూర్చుంటాయి, రేపు లైటు కొన్నా పనికొస్తుంది. ఫోన్ హోల్డర్ స్ప్రింగుది కాకుండా మర తిప్పి బిగించేది అడగండి. చీర నేల మీద పరిచి పైనుంచి తీయాలంటే అడ్డంగా వచ్చే రాడ్డు కావాలి, అప్పుడు రెండో వైపు నీళ్ళ బాటిల్ వేలాడదీయండి, లేకపోతే ఫోనుతో సహా చీర మీద పడుతుంది. బ్లూటూత్ రిమోట్ కూడా తీసుకుంటే ప్రతిసారీ లేచి వచ్చి బటన్ నొక్కే పని ఉండదు.

రింగ్ లైట్ మాత్రం మరీ తీసిపారేసే వస్తువు కాదండి, నేను అదే వాడతాను.

కమ్మనహళ్ళి_కెమెరా

సార్, మీరు మొహం చూపిస్తారు, మొహానికి రింగ్ లైట్ బాగానే ఉంటుంది. మేడమ్ చూపించేది జరీ. కెమెరా ఉన్నవైపు నుంచే వెలుగు కొడితే నేత అంతా చదునైపోతుంది, జరీ ఒకచోట తెల్లగా పేలిపోతుంది, మిగతాచోట పసుపు దారంలా కనపడుతుంది. వెలుగు పక్కనుంచి, కొంచెం పైనుంచి ఏటవాలుగా రావాలి, అప్పుడే దారం మీద దారం లేచి కనపడుతుంది. వర్షాకాలంలో మబ్బు పట్టిన రోజుల కోసం సాఫ్ట్‌బాక్స్ (వెలుగుని మెత్తగా చేసే గుడ్డ తొడుగు) ఉన్న ఎల్‌ఈడీ లైటు ఒక్కటి, మంచిది ఒక్కటి చాలు, రెండు నాసిరకంవి కంటే.

నేతచీర_కుందలహళ్ళి

ఇద్దరికీ చాలా చాలా థాంక్సండి. ఇవాళ ట్యూబ్‌లైటు ఆపేసి కిటికీ పక్కన తీసి చూశాను, ఓపెన్ కెమెరా కూడా వేసుకున్నాను, నెమలికంఠంలో పచ్చ ఛాయ మొదటిసారి కనపడింది, చీర అటూ ఇటూ తిప్పితే నీలం పచ్చ మారుతూ వస్తోంది, అసలు ఆ చీర అందమే అది. ఇంకో రెండు అడగాలి. మంగళగిరిలో చిన్న గళ్ళ చీరలు తీస్తే గళ్ళ మీద నీళ్ళలో అలల్లాగా గీతలు కదులుతున్నాయి, చీరలో అలాంటివి లేవు. రెండోది, సాయంత్రం లైటు కింద తీసినప్పుడు వీడియోలో నల్ల పట్టీలు పైకీ కిందకీ పోతున్నాయి. ఇవన్నీ కొనడానికి ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్‌పీ రోడ్డుకే వెళ్ళాలా, ఆన్‌లైన్‌లో తెప్పించనా?

అనంతపురం_కేఆర్‌పురం

అక్కా, రెండూ చెప్తా. మొదటిదాన్ని మోయిరే అంటారు. కెమెరా సెన్సార్‌లో చుక్కలు వరసలు వరసలుగా ఉంటాయి, చీరలో గళ్ళు కూడా వరసలే, ఆ రెండు వరసలు ఒకదాని మీద ఒకటి పడినప్పుడు లేని అలలు పుడతాయి. ఫోన్ కొంచెం ముందుకో వెనక్కో జరిపితే చాలాసార్లు పోతాది, లేదా చీరని కొంచెం ఏటవాలుగా తిప్పి పట్టుకోవాల. రెండు వేళ్ళతో జూమ్ చేయొద్దు, స్టాండునే దగ్గరికి తెచ్చుకో. ఒక్కోసారి వీడియోలో ఉండదు, చిన్న స్క్రీన్‌లో చూసేటప్పుడే కనపడతాది, అందుకే పెద్దది చేసి ఒకసారి చూసుకున్నాకే మళ్ళీ తీయాలా వద్దా అనుకో.

నల్ల పట్టీలు కరెంటు వల్ల. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని లైట్లు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతాంటాయి, కంటికి తెలీదు, కెమెరాకి తెలుస్తాది. ప్రో మోడ్‌లో షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుగు తీసుకునే టైమ్) సెకనులో 1/50 లేదా 1/100 పెట్టు, పట్టీలు పోతాయి. పోలేదంటే ఆ బల్బే నాసిరకం, దాన్ని మార్చాల్సిందే. స్లో మోషన్‌లో మాత్రం కిటికీ వెలుగులోనే తీయి.

4కే, అంటే 1080పీ కన్నా ఎక్కువ వివరంగా వచ్చే వీడియో, దాని గురించి నువ్వు అడగలేదు గానీ చెప్తాండా. ఐఫోన్ సెట్టింగ్స్‌లో అయితే లెక్క అక్కడే రాసుంటాది, 1080పీ 30 ఫ్రేముల్లో నిమిషానికి దాదాపు 60 ఎంబీ, 4కే 30లో 170 ఎంబీ, 4కే 60లో 400 ఎంబీ. ఆండ్రాయిడ్‌లో ఫోన్‌ని బట్టి మారుతాది గానీ ఆ నిష్పత్తి చూసుకో, 128 జీబీలో వాట్సాప్ చెత్త పోగా మిగిలేదెంత. నిండుగా చీర మొత్తం చూపించేదానికి 1080పీ సరిపోతాది, నేత దగ్గర్నుంచి చూపించే ముక్క ఒక్కటి 4కేలో తీసుకో. రికార్డింగ్ ముందర ఏరోప్లేన్ మోడ్ వేయి, మధ్యలో కాల్ వస్తే తీసిందంతా ఆగిపోతాది. లెన్స్ మెత్తటి గుడ్డతో తుడువు, వంటింట్లో తిరిగిన ఫోన్ లెన్స్ మీద నూనె మరక ఉంటే చీరంతా పొగమంచులో ఉన్నట్టు వస్తాది.

కొనేదానికి ఎస్‌పీ రోడ్డుకే పో అక్కా. మైక్, కన్వర్టర్, స్టాండు చేత్తో పట్టుకుని చూసి కొనే వస్తువులు. కుందలహళ్ళిలో పర్పుల్ లైన్ ఎక్కితే మెజెస్టిక్, అక్కడ గ్రీన్ లైన్ మారితే తర్వాతి స్టేషనే చిక్‌పేట, అక్కణ్ణుంచి నడిచేయొచ్చు. ఆదివారం చాలా షాపులు మూసే ఉంటాయి, వారం మధ్యలో పో. వెనక గోడకి సాదా బూడిద రంగు గుడ్డ కావాలంటే చిక్‌పేటలోనే చూసుకో, మెరుపు లేనిది, ముడత పడనిది. తెల్ల గోడ ముందర ముదురు చీర పెడితే ఎక్స్‌పోజర్ తికమక పడతాది. ఈ బూడిద గుడ్డ ముందర ఏ రంగైనా నిలబడతాది.

చీరపిచ్చి_మల్లేశ్వరం

నేను కొనేవైపు నుంచి చెప్తానమ్మా, ఆన్‌లైన్‌లో చాలా చీరలు తీసుకుంటాను. లైటు, మైకు అన్నీ పెట్టుకోండి కానీ చీర తిప్పి వెనకవైపు చూపించండి, బుటాలు నేతలోనే వేసే జాందానీ అయితే బుటా వెనక ఎలా ఉందో చూస్తేనే మాకు నమ్మకం. బోర్డర్ పక్కన మీ చెయ్యి పెట్టండి, అంచు ఎంత వెడల్పో చేతిని బట్టి వెంటనే తెలుస్తుంది, అంగుళాలు చెప్తే ఊహకి అందదు. చేనేత చీరలకి అంచు పొడవునా సన్నటి సూది గుర్తులు ఉంటుంటాయి కదా, మగ్గం మీద గుడ్డ సాగదీసి పట్టడానికి పెట్టే పిన్నులవి, అవి ఒకసారి దగ్గర్నుంచి చూపించండి, అలాగే చేనేత మార్కు, సిల్క్ మార్కు లేబుల్ ఉంటే అది కూడా చదివేలా చూపించండి. మరీ దగ్గరికి తెస్తే ఫోకస్ పోతుంది, కొంచెం దూరం పెట్టి ఒక్క క్షణం కదలకుండా ఆగండి. చీరని దబదబా తిప్పేస్తారు చాలామంది, పల్లూ మీద నాలుగైదు సెకన్లు ఆగితే ఏం పోతుంది.

వెనకాల పాట పెట్టొద్దు, ఫిల్టర్ వద్దు. చీర కట్టుకుని నడిచి చూపించే ముక్క మాత్రం తప్పకుండా ఉండాలి, మంగళగిరి చీర బిరుసుగా నిలబడుతుందా, వెంకటగిరి పలచగా జారుతుందా అనేది పరిచిన చీరలో తెలీదు. ఇంకా, వీడియోలోనే చెప్పేయండి, మీ ఫోన్ స్క్రీన్ వివిడ్‌లో ఉంటే నేచురల్‌లో పెట్టి చూడండి అని. మా ఇంట్లో రెండు ఫోన్లలో ఒకే చీర రెండు రంగుల్లో కనపడుతుంది, అప్పుడు మీరెంత కష్టపడి తీసినా లాభం ఉండదు.

నేతచీర_కుందలహళ్ళి

అమ్మా, ఈ సూది గుర్తుల సంగతి మా వాళ్ళు నేసేటప్పుడు చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, వీడియోలో చూపించాలని మాత్రం తట్టలేదు, తప్పకుండా చూపిస్తాను. బుధవారం ఎస్‌పీ రోడ్డుకి వెళ్తున్నాను, మైకు, స్టాండు, రిమోట్, గ్రే కార్డు ముందు, మిగిలిన డబ్బుకి లైటు మంచిది వస్తేనే తీసుకుంటాను, లేకపోతే వర్షాలు మొదలయ్యేదాకా కిటికీతోనే నడిపిస్తాను. ఎర్ర గుడ్డ, రాణీ గుడ్డ బ్యాగులో పెట్టేశాను. ఒక్క అనుమానం, ఇంత చేసి వాట్సాప్‌లో పంపితే అది నొక్కేసి పంపిస్తుంది కదా?

కమ్మనహళ్ళి_కెమెరా

అవును మేడమ్, మామూలుగా పంపితే చిన్నది చేసేస్తుంది. పంపేటప్పుడు పైన హెచ్‌డీ బటన్ ఉంటుంది, గ్రూపుకి అది చాలు. చీర దాదాపు ఖాయం చేసుకున్నవాళ్ళు రంగు సరిగ్గా చూడాలంటే అటాచ్‌లో డాక్యుమెంట్ అని ఎంచుకుని పంపండి, 2 జీబీ దాకా ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ఖరీదైన పట్టుచీరకైతే వీడియో కాల్‌లో రంగు చూపించొద్దు, నెట్ తగ్గిందంటే రంగు మొత్తం మారిపోతుంది, రికార్డ్ చేసిందే పంపండి. లైటు తీసుకునేటప్పుడు ఏదైనా అనుమానం వస్తే డబ్బా ఫోటో ఇక్కడ పెట్టండి, బుధవారం నాకు షూట్ లేదు, చూసి చెప్తాను.